దాచిన పెట్ట

పోయిన వారం మల్లికను మనం పాత బడి గది గుమ్మంలో వదిలి వచ్చాం. అప్పటికి మొగిలిబండ ఊళ్ళో ఒక్క కోడి మిగల్లేదు. ఊరికి పడమటి దిక్కున ఉన్న పెద్ద కోళ్ళ షెడ్డులో కోళ్ళు గుట్టలుగా చచ్చిపోవడం, పరీక్షకు పంపితే బర్డ్ ఫ్లూ అని తేలడం, షెడ్డు చుట్టూ కిలోమీటరు మేర పెరటి కోళ్ళను కూడా మిగల్చకూడదని ఆర్డరు రావడం, అన్నీ వారం రోజుల్లో జరిగిపోయాయి. పశుమిత్రగా ఐదేళ్ళ నుంచి ఇంటింటికీ తిరిగి కోళ్ళకు చుక్కల మందు వేసిన మల్లికే, కోళ్ళను పట్టే వాళ్ళకు దారి చూపాల్సి వచ్చింది. ఏ పెరట్లో ఎన్ని ఉన్నాయో ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు మరి. పని ముగిశాక, కోళ్ళను ముట్టిన వాళ్ళు పది రోజులు ఎవరితోనూ కలవకూడదన్నారు. బయటి నుంచి వచ్చిన వాళ్ళు జీపెక్కి వెళ్ళిపోయారు. మల్లిక మాత్రం పిల్లలు లేక మూతబడ్డ బడిలో, చాప, బిందె, జ్వరం చూసుకునే థర్మామీటరు పట్టుకుని చేరింది.

ఇవాళ ఆరో రోజు.

పొద్దున తొమ్మిదింటికి ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. రోజూ చేస్తుంది. జ్వరం ఉందా అంటుంది, దగ్గు ఉందా అంటుంది, మాత్ర వేసుకున్నావా అంటుంది. మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పాక, ఇంకో రెండు మాటలు మాట్లాడదామని మల్లిక రోజూ ఏదో ఒకటి వెతుక్కుంటుంది. ఇవాళ "ఎండలు ముదిరినయ్ గద అక్కా" అంది. అవతల "ఆఁ, ఆఁ" అని వినిపించింది, తర్వాత ఫోన్ కట్టయింది. అంతే, మళ్ళీ మర్నాడు తొమ్మిదింటిదాకా ఆమెతో మాట్లాడే మనిషి లేడు.

మూడో రోజున తన గొంతు తనకే కొత్తగా అనిపించి భయం వేసింది. అప్పటి నుంచి గోడ మీద రంగు వెలిసిన ఎక్కాలను పైకి చదవడం మొదలుపెట్టింది. పదమూడో ఎక్కం సగంలో పెచ్చు ఊడిపోయింది. అక్కడి దాకా వచ్చి ఆగిపోయి, మళ్ళీ రెండో ఎక్కం నుంచి అందుకునేది.

కిటికీలోంచి ఊరి నల్లా కనిపిస్తుంది. బిందెలు పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు బడి వైపు ఒక్కసారి చూసి, ముఖం తిప్పుకుంటారు. బాట మీద పోయేవాళ్ళు బడి దగ్గరికి రాగానే బాట వదిలి చేను గట్టు మీదికి దిగుతారు. ఈ దూరం మల్లికకు కొత్త కాదు. వాళ్ళ ఇల్లు ఊరి చివర. ఆమె చిన్నప్పుడు తల్లి బిక్షమ్మ కలుపు కూలి కోసం వెళితే, ఆసాముల ఇళ్ళ ముందు వాకిట్లోనే నిలబడేది. ఆ ఇళ్ళ పెరడు ఎట్లా ఉంటుందో బిక్షమ్మ ఎరగదు. పెళ్ళి చెడి, జడ్చర్ల నుంచి తల్లి దగ్గరికి తిరిగి వచ్చాక, మహిళా సంఘం తరఫున శిక్షణ తీసుకుని మందు డబ్బా భుజానికి వేసుకున్నాకే మల్లికకు ఆ తలుపులు తెరుచుకున్నాయి. మొదట తెరిచింది గొర్లకాపరి లింగస్వామి భార్య నాగరాణి. కొక్కెర తెగులుతో కోళ్ళు పోతుంటే చుక్కల మందు వేయించుకుంది. అవి బతికాక తను తాగే గ్లాసులోనే ఛాయ్ పోసి ఇచ్చింది. మల్లిక ఆ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని చివరి చుక్క దాకా తాగింది.

కోళ్ళను పట్టిన రోజు నుంచి నాగరాణి ముఖం ఆమె చూడలేదు.

మధ్యాహ్నం ఒంటి గంటకల్లా గేటు బయట రాయి మీద టిఫిన్ డబ్బా ఉంటుంది. తల్లి దగ్గర ఫోన్ లేదు; ఆమే ఎవరి చేతో పంపిస్తున్నదనుకుంది మల్లిక. పెట్టినవాళ్ళు పోయేదాకా ఆగి, వెళ్ళి తెచ్చుకుని తిని, కడిగి, బ్లీచింగ్ నీళ్ళలో ముంచి తీసి, సాయంత్రానికి మళ్ళీ రాయి మీద పెట్టేది. ఇవాళ ఒంటి గంట దాటినా డబ్బా రాలేదు. ఒకటిన్నర అయింది. ఆకలి కన్నా, మర్చిపోయారేమో అన్న ఆలోచనే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. లేచి వరండాలోకి వచ్చి చూస్తే గేటు దగ్గర నాగరాణి నిలబడి ఉంది. ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో గేటు చువ్వ పట్టుకుని ఉంది.

"జర దూరం నిలబడక్కా. ముక్కుకు గుడ్డ గిట్ల కట్టుకో," అంది మల్లిక, మాస్కు పైకి లాక్కుంటూ.

"ఆరు దినాల సంది వస్తనే ఉన్న. ఇయ్యాలనే దూరం యాదికొచ్చిందా?" అంటూ నాగరాణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"బువ్వ తెచ్చేది నువ్వా అక్కా?"

"మరెవరనుకున్నవ్?"

"మా అమ్మ పంపుతాందనుకున్న."

"మీ అమ్మ మోకాళ్ళ నొప్పులకు మంచం దిగుతలేదు. మొదటి దినమే నా దగ్గరికి మనిషిని తోలింది, బిడ్డకు ఇంత బువ్వ అందియ్యుమని. ఇంకెవర్ని అడిగినా కాదన్నరంట."

ఆరు రోజుల జొన్న రొట్టెలు, పచ్చిపులుసు, ఒకరోజు పెసరపప్పు, అన్నీ ఒక్కసారిగా మల్లిక కళ్ళ ముందు తిరిగాయి. "నా మీద కోపం లేదా అక్కా?" అని అడిగింది.

"ఎందుకుండదు? ఉంది. కోపమున్నదని మనిషి కడుపు ఎండబెడ్తనా?" నాగరాణి డబ్బాను రాయి మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసింది. పోలేదు. "ఆ దినం మా పెరట్ల ఏమైందో నీకు యాదికుందా?"

"ఉంది."

"తెల్ల డ్రెస్సులోళ్ళు నలుగురు అరగంట ఉరికిన్రు. ఒక్కటి దొర్కలే. కంచె కింద, కట్టెల మోపు కింద జొర్రినయ్. నువ్వొచ్చి మాస్కు కిందికి గుంజి, బొబ్బొబ్బొ అని పిలిచినవ్. అన్నీ వచ్చి నీ కాళ్ళ కాడ నిలవడ్డయ్."

"పిల్వకపోతే ఇంకా బెదిరి, కంచెలకు గుద్దుకొని..."

"గది నాకు తెల్వదా. తప్పంటలేను. కని గవి నీ గొంతును నమ్మి వచ్చినయ్ మల్లికా. నేను మర్చిపోదామన్నా యాదికే వస్తాంది."

మల్లిక తలదించుకుంది. ఆ దృశ్యం ఆమెకూ రోజూ వస్తున్నదే. కళ్ళు మూస్తే చాలు, కాళ్ళ చుట్టూ తిరుగుతూ జొన్నల కోసం చేతుల వైపు చూసే కోళ్ళు కనిపిస్తాయి.

"మా ఇంట్ల ఎన్ని రాసుకున్నరు?" అని అడిగింది నాగరాణి.

"ఇరవై మూడు."

"ఉన్నయి ఇరవై నాలుగు."

మల్లిక తలెత్తింది. ఆ రోజు దొరికినవాటినే లెక్క రాసుకున్నారు, తన పాత లెక్కతో ఆమె సరిచూడలేదు. నాగరాణి కాసేపు ఊరి వైపు చూసి, ఎవరూ రావడం లేదని తేల్చుకున్నాక గొంతు తగ్గించింది.

"పొదిగే పెట్ట ఉండె గద, మచ్చలది. మా స్నేహ దాన్ని గుడ్లతో సహా తీసుకపోయి వెనక అర్రల వడ్ల గుమ్మి చాటున దాసిపెట్టింది. నాకు పొద్దుగూకినంక తెలిసింది. అప్పటికే మీరంతా వెళ్ళిపోయిన్రు. మళ్ళ పిలిచి, ఇగో ఇంకోటి మిగిలింది అని ఎట్ల చెప్పాలె? పదకొండు గుడ్ల మీద కూసున్నది. ఎనిమిదేండ్ల పిల్ల ఏడ్చుకుంట నా కాళ్ళు పట్టుకున్నది. సప్పుడు జెయ్యకుంట ఊకున్న."

"పెట్ట ఎట్లుంది ఇప్పుడు?"

"నిన్నటి సంది తల వాల్చింది. గుడ్ల మీద నుంచి లేచింది, మళ్ళ కూసోలే. నూకలు పోస్తే ముడ్తలేదు."

"తల మీది జుట్టు?"

"నల్లగైంది," అంది నాగరాణి. ఆ తర్వాత వచ్చిన మాటలు అంతకన్నా మెల్లగా వచ్చాయి. "స్నేహకు రాత్రి సంది జ్వరం. దగ్గుతాంది. ఆరు దినాల సంది పిల్ల దానితోనే ఉన్నది. చేతుల నూకలు పెట్టి తినిపిస్తది. చాప గూడ ఆ అర్రలనే ఏసుకున్నది."

ఎండ వరండా మెట్ల మీద పడి మెరుస్తోంది. మల్లిక ఒక మెట్టు దిగింది. "ఊపిరి ఎట్ల తీస్తాంది?"

"జర జోరుగ తీస్తాంది. ఎండలకు గట్లనే ఉంటది గద. ఎండ జ్వరమే గద మల్లికా."

నాగరాణి మళ్ళీ గేటు దగ్గరికి వచ్చి, చువ్వను గట్టిగా పట్టుకుని అసలు వచ్చిన పని చెప్పింది.

"నీకు రోజూ మింగమని గొట్టం మాత్రలిచ్చిన్రంట గద, ఈ రోగం అంటకుండ. ఒక రెండియ్యి. పిల్లకు ఏస్త. ఎవ్వరికీ తెల్వకుండ తగ్గిపోతది."

"అవి పెద్దోళ్ళకు ఇచ్చినయ్ అక్కా. పిల్లకు ఎంతియ్యాల్నో నాకు తెల్వది. డాక్టరు చూడాలె. సాల్మన్ సారుకు ఫోన్ చేస్త, ఆయన పశువుల డాక్టరే అయినా దవాఖానల వాళ్ళకు చెప్తడు..."

"వద్దు." నాగరాణి మాట మధ్యలోనే తుంచేసింది. "నేను గీడికి బువ్వ తెస్తున్నట్టు మా ఆయనకు నిన్న తెలిసింది. ఆ డబ్బాతోనే జ్వరం ఇంటికొచ్చింది అంటుండు. ఊరు గూడ గదే అంటది. కోడి సంగతి ఇంట్ల ముగ్గురికి తప్ప ఎవరికీ తెల్వదు."

"అంటే నా నుంచే వచ్చిందని చెప్తవా అక్కా?"

"నేను చెప్పను." నాగరాణి కళ్ళు దించుకుంది. "కని ఎవరన్న అంటే, కాదని చెప్పనీకి నాకు నోరు రాదు. కోడి సంగతి చెప్పాల్సొస్తది గద."

మల్లిక లోపలికి వెళ్ళింది. అలమరలో మాత్రల అట్ట ఉంది. ఇంకా నాలుగు మాత్రలున్నాయి. అట్ట చేతిలో పట్టుకుని గది మధ్యలో నిలబడింది. ఇచ్చేస్తే నాగరాణి రేపు కూడా వస్తుంది. నాలుగు రోజుల తర్వాత ఈ గేటు దాటి బయటికి పోయినప్పుడు, పలకరించే మనిషి ఊళ్ళో ఒక్కరైనా ఉంటారు. ఇవ్వకపోతే ఆ ఒక్కరూ ఉండరు. నిజానికి ఆమె ఇంత ఆలోచించడానికి కారణం మాత్రలు కాదు. ఇట్లాంటి సమయంలో తను ఇంతకు ముందు ఏం చేసిందో ఆమెకు బాగా గుర్తుంది.

అట్టను అలమరలోనే పెట్టేసి, ఫోన్ తీసుకుని బయటికి వచ్చింది. వరండా చివరి మెట్టు మీద కూర్చుంది.

"అక్కా, దాసిపెడితే ఏమైతదో నాకు ఎరుకే. ఒక మాట చెప్త, ఇను. షెడ్డు సంగతి బయటపడనీకి ఎనిమిది దినాల ముందు మా అమ్మ కోళ్ళు నాలుగు చచ్చిపోయినయ్. ఒక్క పూటల. అవి షెడ్డు ఎనకకు మేతకు పోతుండె. తలలు వాచినయ్, జుట్టు నల్లగైంది. కొక్కెర తెగులు కాదని చూడంగనే తెలిసింది నాకు. సారుకు ఫోన్ చేద్దామని తీసిన. మళ్ళ జేబుల పెట్టుకున్న."

"ఎందుకు?"

"మా ఇంట్ల నుంచే మొదలైందంటరని. మా వాడ నుంచే రోగమొచ్చిందంటరని. ఇగ నన్ను ఎవ్వరు పెరట్లకు రానియ్యరని. ఐదేండ్ల సంది ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క ఇల్లు అట్ల తిరిగి..." ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ అందుకుంది. "గుంత తీసి బొందపెట్టిన. చేతులు కడుక్కున్న. తెల్లారి మీ ఇంటికే వచ్చిన అక్కా. మీ కోళ్ళకు మందు ఏసిన."

దూరంగా నల్లా దగ్గర బిందె చప్పుడు వినిపించింది.

"ఆ పొద్దు నీకు ఛాయ్ పోసిన," అంది నాగరాణి.

"పోసినవ్."

"నవ్వుకుంట తాగినవ్."

నాగరాణి గేటు పక్కన రాయి మీద, టిఫిన్ డబ్బా పక్కన కూలబడింది. చీర అంచును వేళ్ళతో లాగుతూ, "నువ్వు అప్పుడే చెప్తే నా కోళ్ళు బతుకుతుండెనా?" అని అడిగింది.

"తెల్వదక్కా. షెడ్డుల అప్పటికే ఉండొచ్చు. ఊరి కోళ్ళను బయటికి ఇడ్వకుండ గంపల కింద మూసిపెట్టుకునేటోళ్ళు. కొన్నన్న మిగులుతుండెనేమో. నాకు తెల్వదు. ఈ ఆరు దినాలు గదే ఆలోచిస్తున్న."

"నువ్వు దాస్తే కోళ్ళు పోయినయ్," అంది నాగరాణి. "నేను దాస్తే..."

కొంగుతో ముఖమంతా కప్పుకుంది. భుజాలు కదిలాయి, ఏడుపు మాత్రం బయటికి వినిపించలేదు. లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చోవాలని మల్లికకు అనిపించింది. వాళ్ళిద్దరి మధ్య పది అడుగుల నేల, ఒక గేటు ఉన్నాయి. లేవలేదు.

ఫోన్ తీసి సాల్మన్ సారు నంబరు నొక్కింది. నాగరాణి ముఖం మీది కొంగు తీసి చూసింది. ఈసారి వద్దనలేదు.

"సార్, మల్లికను. మొగిలిబండల ఒక పిల్లకు జ్వరమొచ్చింది సార్. ఎనిమిదేండ్లు. ఊపిరి జోరుగ తీస్తాంది. ఒక పెట్టను దాసిపెట్టిన్రు, ఆరు దినాలు దానితోనే ఉంది. పెట్ట నిన్నటి సంది తల వాల్చింది, జుట్టు నల్లగైంది."

డాక్టరు కోప్పడతాడనుకుంది మల్లిక. కోప్పడలేదు. ఊరు, ఇల్లు, తండ్రి పేరు అడిగి రాసుకున్నాడు. "నేను పెద్ద దవాఖానకు చెప్తున్న, అంబులెన్సు వస్తది. పిల్లకు మాస్కు పెట్టుమను. తల్లి ఒక్కతే దగ్గరుండాలె. ఇంకెవరూ ఇంట్లకు పోవద్దు. తొందరగ చెప్పినవ్ మల్లికా, ఫికర్ చెయ్యొద్దను తల్లిని."

తొందరగా చెప్పావన్న మాటకు మల్లిక కళ్ళు మండాయి. "నాది గూడ ఒక సంగతుంది సార్. చెప్పాల్సింది. ముందు పిల్ల సంగతి చూడున్రి, తర్వాత తప్పకుండ చెప్త."

"సరే. ఆ పెట్టను ఎవరూ ముట్టొద్దు. అర్రకు తాళమేసి పెట్టుమను. మావాళ్ళు గంటల వస్తరు."

మల్లిక ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి, గేటు వైపు చూసి చెప్పింది. "అంబులెన్సు వస్తాందక్కా. నువ్వు ఇంటికి పో, పిల్ల దగ్గరుండు. పెట్ట ఉన్న అర్రకు తాళమెయ్యి."

నాగరాణి రాయి మీంచి లేచింది. లేచి, అక్కడే నిలబడిపోయింది.

"పెట్ట ఇంట్ల లేదు," అంది.

"లేదంటే? చచ్చిపోయిందా?"

"పొద్దుగాల మా ఆయన తీసుకపోయిండు. ఎవరన్న చూస్తే చంపేస్తరు, మా అక్క దగ్గరైతే పానం కుదురుకుంటది అన్నడు. గంపల పెట్టి, మీద తువ్వాల కప్పిండు. పదకొండింటి బస్సుకు పోయిండు."

"ఏ ఊరక్కా?"

"నారాయణపేట అవతల. మా ఆడిబిడ్డ ఉప్పలమ్మ." నాగరాణి గేటు చువ్వ అందుకుంది. "ఆమె కోళ్ళే సాదుతది మల్లికా. నూటికి దగ్గరుంటయ్. సుట్టుపక్కల ఊళ్ళకు గుడ్లు, పిల్లలు ఆమె దగ్గరి నుంచే పోతయ్."

ఫోన్‌లో సాల్మన్ సారు అంతా విన్నాడు. "ఆయనకు ఫోన్ చెయ్యుమను. స్పీకర్ పెట్టుమను," అన్నాడు. మల్లిక ఆ మాట నాగరాణికి చెప్పింది.

నాగరాణి నడుముకు చెక్కుకున్న సంచిలోంచి తన ఫోన్ తీసింది. రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి మోగింది. చాలాసేపు మోగింది. ఇక ఎత్తడు అనుకుంటుండగా, లింగస్వామి గొంతు వినిపించింది.

"ఆఁ, చేరిన. ఇప్పుడే ఇంట్లకొచ్చిన. పిల్లకెట్లుంది?"

"పెట్ట ఏడున్నది?" అంది నాగరాణి.

"గంపలనే ఉంది. బస్సుల ఉడికిపోయినట్టుంది, కదుల్తలేదు. అక్క చూస్త అంటాంది. కోళ్ళకు నూకలు చల్లింది, అన్నీ వాకిట్లకొచ్చినయ్. వాటిల్ల ఇడిస్తే అదే తింటదని తువ్వాల తీస్తాంది."

మల్లిక మెట్టు మీంచి లేచి గేటు దాకా ఉరికింది. చువ్వలు రెండు చేతులతో పట్టుకుని, నాగరాణి చేతిలోని ఫోన్ వైపు మెడ చాచి, "అన్నా, నేను మల్లికను. గంప ముయ్యుమను. దాన్ని కిందికి ఇడ్వొద్దు. ఎవరూ ముట్టొద్దు," అంది.

అటు నుంచి జవాబు రాలేదు. లైను మాత్రం తెగలేదు. దూరంగా ఉప్పలమ్మ, బొబ్బొబ్బొ అని కోళ్ళను పిలుస్తోంది. ఆ వెంటనే రెక్కలు టపటప కొట్టుకున్న చప్పుడు వినిపించింది.